పొరుగూరివాళ్ళ విస్తరి

జగ్గయ్యపేట దివాణంలో వంట చేసే అమ్మగారు నిన్న పోయారని నందిగామ బస్టాండులో తెలిసింది. నా ఆదివారపు ప్రయాణాలు ఎరిగిన కండక్టరు చెప్పాడు. మూడు వారాలుగా నేను వెళ్ళలేదు. ముందు ఆ మాట ఒప్పుకుని మిగతాది రాస్తాను.

ఆ దివాణం పాత జమీందారులది. వేదాద్రి గుడికి బండ్లు కట్టుకుని పోయేవాళ్ళు ఒకప్పుడు అక్కడే దిగి, తిని, పడుకునేవారట. డెబ్భైల్లో నేను టీచరుగా వచ్చి పక్కింట్లో అద్దెకు దిగేనాటికి దొరలు బెజవాడ చేరారు. బస్సులొచ్చి యాత్రికులు తగ్గారు. వంట మాత్రం ఆగలేదు. రోజూ మధ్యాహ్నం అమ్మగారు వీధరుగు మీదికొచ్చి, "పొరుగూరివాళ్ళెవరన్నా ఉన్నారా? భోజనానికి రండి బాబూ!" అని మూడుసార్లు పిలిచేవారు. చాలా రోజులు ఎవరూ ఉండేవారు కాదు. అతిథి విస్తరి ఆవుకు పెట్టి, ఆవిడ ఒక్కరే తినేవారు. గోడకిటు నేనూ ఒక్కదాన్నే.

ఒకరోజు ఉండబట్టలేక, "నేను రానా అండీ?" అన్నాను.

"నువ్వు ఈ ఊళ్ళోనే ఉంటున్నావు కదమ్మా. ఊళ్ళోవాళ్ళు అతిథులు కారు. ఈ ఇంటి పద్ధతి అది."

నాకు చురుక్కుమంది. చర్చికి వెళ్ళే పంతులమ్మని గడప దాటనివ్వడం ఇష్టంలేక ఊరి వంక పెట్టారనుకున్నాను. ఆరేళ్ళు ముక్తసరిగానే మాట్లాడాను.

తర్వాత నందిగామకు బదిలీ అయింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, మిగిలిన సామాను కోసం పేట వచ్చాను. అప్పుడే ఆవిడ పిలుస్తున్నారు. నన్ను చూసి సగంలో ఆపేశారు.

"ఇప్పుడు ఏ ఊరమ్మా నీది?"

"నందిగామండి."

ఆవిడ ముఖం చూడాల్సింది! "అయితే రా, కాళ్ళు కడుక్కో! నీకెప్పుడు పెడతానా అని ఆరేళ్ళుగా చూస్తున్నా."

నేను గడప దగ్గర తటపటాయించాను. "ఇక్కడ ఊరే అడుగుతాం తల్లీ, కులం అడగం" అంటూ తనే చెంబుతో నీళ్ళు పోశారు. గోంగూర పప్పు. ఆరేళ్ళు తప్పుగా అనుకున్నందుకు సిగ్గుపడుతూ తిన్నాను. అయినా రెండుసార్లు మారు అడిగాను.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వెళ్ళాను. మళ్ళీ రమ్మని మాత్రం ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఎందుకని అడిగితే, "అతిథిని ఎప్పుడొస్తావని అడక్కూడదు. రావడం మీ ఇష్టం, ఉండడం మా పని" అన్నారు.

ఆ పద్ధతినే నేను వాటంగా వాడుకున్నాను. ఒక వారం పేపర్లు దిద్దాలి, ఇంకో వారం వాన, మరో వారం ఉత్త బద్ధకం. ఆవిడ ఎలాగూ అడగరు కదా!

కబురు విని అదే బస్సులో పేట వెళ్ళాను. అప్పటికే అంతా అయిపోయింది. దొరలు కారెక్కుతున్నారు. పాలు పోసే ఆమె నన్ను చూసి, "ఆదివారం వస్తే చాలు, నందిగామ బస్సు వచ్చి పోయేదాకా ఆ విస్తరి తియ్యనిచ్చేవారు కాదండీ" అంది.

అరుగు మీద కాళ్ళు కడుక్కునే నీళ్ళ గంగాళం నిండుగా ఉంది. ఆవిడ నింపినవే. చెంబు ముంచి కాళ్ళు కడుక్కున్నాను. ఏ ఊరని అడిగేవాళ్ళు లేక, తడికాళ్ళతో గడప బయటే నిలబడిపోయాను.