చెంచమ్మ ఊటలో కప్పలు

పుల్లలచెరువు అడివి అంచున మేకలు మేపేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, చెంచమ్మ తీరు వేరు. కొండవాగు పక్కన బండల సందులో చిన్న ఊట ఉంది. నలభై ఏళ్లుగా ఒక్క మేకనూ ఆమె అందులో కాలు పెట్టనివ్వలేదు. నీళ్లు తోడి, దూరంగా సత్తు గిన్నెలో పోసి తాగించేది. లోపల తన బిడ్డలున్నారనేది. ఆ బిడ్డలు చిటికెనవేలి గోరంత కప్పలు. ఊళ్లోవాళ్లకు వాటి అరుపు కీచురాళ్ల రొద. అవి కప్పలని ఆమె అంటే నవ్వేవాళ్లు. నవ్వనీ, అంతమందికి చెవులుండి ఏం లాభం!

ఈ ఎండాకాలం ఊట మీదుగా రోడ్డు వేస్తామని ఎర్రజెండాలు పాతారు. అక్కడ ఏ జీవాలున్నాయో చూసి రాయడానికి అటవీశాఖ తరఫున హరిచందన అనే అమ్మాయి వచ్చింది. ఊటలో తడి మాత్రమే మిగిలింది. మూడు రోజులు వెతికినా ఒక్క కప్పా కనబడలేదు. ఆఖరి రోజు పొద్దున ఇంజనీరు రామ్‌ప్రసాద్ వచ్చాడు.

"ఏమీ లేవని రాసెయ్యండి మేడం. రేపు మట్టి తోలిస్తాం."

చెంచమ్మకు ఒళ్లు మండింది. "రాయొద్దు పాపా, ఉండాయి. వానొచ్చిందనుకుంటే గాని అవి నోరు తెరవవు."

ఆమె దగ్గరున్నది ఒక్క బిందె. పొద్దున్నే ట్యాంకర్ దగ్గర కొట్లాడి పట్టుకున్న నీళ్లు. తనకూ మేకలకూ సాయంత్రం దాకా అవే. ఆ నీళ్లను బండల మీద చిలకరించడం మొదలుపెట్టింది. సగం బిందె అయిపోయింది. మేకలు మెడలు చాచి అరిచాయి. అదిలించింది. అడుగున మిగిలిన చెంబెడు కూడా చల్లేసింది.

బండ కింద నుంచి 'టిక్' మంది. అవతల నుంచి ఇంకోటి. కాసేపటికి సందంతా టిక్కుటిక్కుమంది.

హరిచందన బోర్లా పడుకుని ఫోన్ లైటు వేసింది. నేరేడు గింజంత కప్ప గొంతు ఉబ్బించుకుని కూచునుంది.

"అవ్వా, ఇట్లాంటిది నేనెప్పుడూ చూడలా!" అంది. ఫోటోలు తీసుకుని ఇంజనీరు వైపు తిరిగింది. "ఉన్నాయని రాస్తున్నా సార్. రోడ్డు పక్కకు జరపాల్సిందే."

రామ్‌ప్రసాద్ కూడా వంగి చూశాడు. లేచి జెండాలు తనే పీకాడు. చెంచమ్మ ఎండిన పెదాలు చూసి తన నీళ్ల సీసా అందించాడు.

"నాకేంది సార్, ఇంటికి పోయి తాగుతా. ఆ బండ మీద పొయ్యండి."

ఇంజనీరు మోకాళ్ల మీద కూచుని సీసా వంచాడు. చెంచమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అట్ల ఒక్కచోట కాదు నాయనా, చిలకరించాల."