ముందు నా తల చూడవ్వా

మొన్న పొద్దున బుక్కరాయసముద్రం నుంచి ఫోను. మా సార్ పోయారట. గుండెపోటు. జన్మంతా మెదడు మీదే పనిచేసిన మనిషి, గుండె సంగతి ఒక్కనాడూ పట్టించుకోలేదు. నాకింకా ఆయన మీద కోపంగానే ఉంది.

ఎదుటి పార్టీవాళ్లను నమ్మాలన్నప్పుడు మనిషి మెదడులో ఏం జరుగుతుందన్నది ఆయన పరిశోధన. నేను ఆయన శిష్యురాలిని. తనకల్లు వైపు ఒక ఊళ్లో రెండు పార్టీలవాళ్లు ఒకరి గడపలో ఒకరు నీళ్లు ముట్టరు. మా పని అక్కడే. మెదడులో పుట్టే విద్యుత్తును పట్టే తీగల టోపీలు పెట్టి ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాం. ఒకరు తన చెనక్కాయల్లో కొన్ని ఎదుటివారికివ్వాలి. వాటికి సార్ ఇంకొన్ని కలుపుతారు. తిరిగి ఎన్నిచ్చేదీ అందుకున్నవాళ్ల ఇష్టం. ఇచ్చే ముందు మెదడు గీసే గీత మాకు కావాలి.

మొదట ఎవరూ తల ఇవ్వలేదు. "మేము ఓటు ఎవురికేసిండేదీ ఆ మిషన్లో తెలిసిపోతాదంట" అంది ఒక అవ్వ.

సార్ టోపీ తనే పెట్టుకున్నారు. "ముందు నా తల చూడవ్వా. నా ఓటు కనపడితే చెప్పు."

ఆ తర్వాత ఎప్పుడూ అంతే, మొదటి తల ఆయనదే. టోపీకి రాసే జిగురు తలంటితే గానీ పోదు. అదేమో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊరు. సార్ కారులో క్యాన్లతో నీళ్లు తెచ్చి, తనే పోసేవారు.

"ఏం సారూ, నీది ఏ పార్టీ?"

"నీళ్లు పోసే పార్టీ. కండ్లు మూసుకో అవ్వా."

నాతో అనేవారు: "నమ్మకం అడిగితే రాదమ్మా. ముందు మనమే ఇయ్యల్ల."

ఇన్నాళ్లూ ఏ పార్టీవాళ్లు ఆ పార్టీవాళ్లతోనే ఈ చెనక్కాయల ఆట ఆడారు. చివరికి ఆ అవ్వా, అవతలి పార్టీ అవ్వా ఎదురెదురుగా కూర్చోవడానికి ఒప్పుకున్నారు. ఇంతలో ఆయన పోయారు.

అనుకున్న రోజున ఒక్కదాన్నే వెళ్లాను. "సారుంటే కూచుండేదాన్నే పాపా. ఆయమ్మను ఎట్ల నమ్మల్ల?" అంది అవ్వ. అవతలామెదీ అదే మాట. ఇద్దరూ నమ్మింది ఆయన్ను, ఒకరినొకరు కాదు. ఇన్నేళ్ల పని ఆయనతోనే మట్టిలో కలిసిందా? ఎవరినడగను? చెప్పేవాడే పోయాడు.

ఏం చేయాలో తోచక టోపీ నేనే పెట్టుకుని, వాళ్ల కోసం వేసిన రెండు కుర్చీల పక్కన వీధిలో నేలమీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎండకు జిగురు తలమీదే ఎండిపోతోంది. ఏడుపాగలేదు.

అవ్వ ఇంట్లోంచి బిందె మోసుకొచ్చింది. "తల వంచు పాపా."

ట్యాంకరు నీళ్లు. టోపీ తీసి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఎర్రమట్టి తడిసి ఉంది. చెనక్కాయల గిన్నె అలాగే ఉంది, రెండు కుర్చీలూ ఖాళీగానే ఉన్నాయి.