అన్నయ్య కుడికాలు

భర్త పోయాక సమాధుల తోట కాపలాతో పాటు ఆయన పార కూడా ఆమె చేతికొచ్చింది. పందొమ్మిదేళ్లుగా గోతులు తవ్వుతోంది. సంఘంలో అందరూ తోటమ్మ అంటారు. నోరు కాస్త కరుకు. గొయ్యి మాత్రం కొలిచినట్టు తవ్వుతుంది.

ఆమె అన్నయ్య దర్జీ. షుగరు ముదిరి కుడికాలు నల్లబడింది. ఆ రోజే మోకాలి దగ్గర తీసెయ్యకపోతే మనిషి దక్కడని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. కాగితం ముందు పెడితే ఆయన కలం ముట్టలేదు.

"తీసిన కాలు ఏం చేస్తారమ్మా?"

"కాల్చేస్తారండి" అంది నర్సు.

"అయితే సంతకం పెట్టను. నలభై ఏళ్లు మిషను తొక్కిన కాలది. నా భార్య సమాధి పక్కన నాకు చోటుంది. అక్కడ పెడతామంటేనే పెడతాను."

తోటమ్మ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఆయన ససేమిరా అన్నాడు. ఇక లాభం లేదని పరుగున వెళ్లి సంఘపెద్దను వెంటబెట్టుకొచ్చింది. తోటలో ఏం పెట్టాలన్నా ఆయన అనుమతి కావాలి. మంచివాడే, కాకపోతే ప్రసంగం చేసే సందు దొరికితే వదలడు.

"మనిషంటే ఆత్మ, తమ్ముడూ. ఒళ్లు చొక్కాలాంటిది. చిరిగితే పారేస్తాం. దానికి సమాధేంటి?"

చెప్పక చెప్పక దర్జీకా ఈ మాట చెప్పడం!

"ఎన్ని వేల చొక్కాలు కుట్టానో అయ్యగారూ. ఒక్కదానికీ నొప్పి పుట్టడం చూడలేదు. శరీరం తిరిగి లేస్తుందని ప్రతి ఆదివారం మా చేత చెప్పించేది మీరే కదా. ఉత్తుత్తికే చెప్పించారా?"

పెద్దాయన జేబులోంచి కలం తీసి అనుమతి రాసిచ్చాడు. ఆ వెంటనే దర్జీ సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రివాళ్లు చెక్కపెట్టె ఇచ్చారు. తోటమ్మ అన్నయ్య చోటులో తూర్పు కొసన, కుడిపక్కగా, రేపు ఆయన్ని పడుకోబెడితే ఆ పాదం ఎక్కడుంటుందో అక్కడే తవ్వింది. పెట్టె తనే దించింది.

పెద్దాయన పుస్తకం తెరిచాడు. కాలి కోసమని వేరే ప్రార్థన అందులో లేదు. "ఈ..." అని ఆగిపోయాడు. తోటమ్మ పార పట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తోంది.

"ఈ మా సహోదరుణ్ణి మట్టికి అప్పగిస్తున్నాం" అన్నాడు.

ఇన్నేళ్లలో గొయ్యి దగ్గర ఆమె ఏడవడం అదే మొదలు. అప్పటికి ఆ సహోదరుడు వార్డులో లేచి కూర్చుని, టీలో చక్కెర వెయ్యనందుకు నర్సుతో పోట్లాడుతున్నాడు.