అన్నంలోకి గాజు సేమ్యా

బళ్ళారి పక్కన తోరణగల్లు ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్పులో ఒక గెస్ట్‌హౌస్ వంటింట్లో నేను పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చపాతీలు. ముప్పై నలభై మందికి వండి, నడుచుకుంటూ ఇల్లు చేరి, మళ్ళీ మా ఇంటి పొయ్యి వెలిగించాలి. మా ఆయన లారీ మీద ఉంటాడు. నెలలో నాలుగైదు రోజులే ఆయనకు ఇంటి తిండి. మిగిలింది మా అత్త, పీయూసీ చదివే మా అమ్మాయి, నేను. ముగ్గురికి వంట ఎంతసేపని అందరూ అంటారు. అప్పటికే ఐదు కిలోల ఉల్లిపాయలు కోసి వచ్చినదానికి మళ్ళీ ఇంకో ఉల్లిపాయల బుట్ట ముందు కూర్చోవడం ఎట్లుంటుందో వాళ్ళకు తెలీదు.

ఈ గాజు సేమ్యా తెచ్చిన ఆయన వచ్చింది వానలు మొదలయ్యే ముందు. ప్లాంటులో ఏదో కొత్త యంత్రం బిగించడానికి బయటి దేశం నుంచి ఆరుగురు వచ్చి మా గెస్ట్‌హౌస్‌లో దిగారు. ఐదుగురు మేము పెట్టింది పెట్టినట్టు తినేవాళ్ళు. ఆరో ఆయన తలుపు నిండేంత మనిషి, యాభై దాటి ఉంటాయి, మాట మాత్రం చాలా మెల్లన. ఆయనది సమోవా అన్నారు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. మా అమ్మాయి ఫోన్‌లో పటం తీసి చూపిస్తే, అంతా నీలం, మధ్యలో రెండు చుక్కలు.

నాలుగో రోజు మేనేజరు వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, ఆ దొడ్డ సారు మూడు దినాల్నుంచి బ్రెడ్డు, అరటిపండ్ల మీదే ఉండాడు. కారం తగ్గించినా ముట్టుకోడంల్యా. వాళ్ళ ఊటా తిండీ ఏందో అడిగి చేసిపెట్టు."

నాకు ఒళ్ళు మండింది. ఉన్న వంటలు చాలవా అనిపించింది. పైకి మాత్రం సరే అన్నాను.

సాయంత్రం ఆయనే వచ్చాడు. చేతిలో రెండు పొట్లాలు. లోపల తెల్లని దారపు ఉండల్లాగా ఎండిన సేమ్యా. నా ఇంగ్లీషు వంటింటి వరకే, ఆయనకు మన మాట ఒక్కటీ రాదు. కాబట్టి చెప్పడం మానేసి చేసి చూపించాడు. గోరువెచ్చని నీళ్ళలో సేమ్యా నానబెట్టాడు. కాసేపటికి అది గాజులాగా అవతలి వైపు కనిపించేంత పలుచబడింది. కోడి ముక్కలు నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లి, వెల్లుల్లి, అల్లం వేశాడు. మిరపకాయ లేదు, పసుపు లేదు, పోపు లేదు. గోబీ మంచూరి బండ్ల మీద ఉండే సోయా సాసు సీసా అడిగి, నేను నోరు తెరిచి చూస్తుండగానే సగం వంపేశాడు. నీళ్ళు పోసి, కాగాక కత్తెరతో సేమ్యా కత్తిరించి వేశాడు. అది ఆ నల్లని రసమంతా తాగేసి గోధుమరంగుకు తిరిగింది. దాని పేరు సాపాసూయి అన్నాడు.

తర్వాత పళ్ళెంలో అన్నం పెట్టుకుని, దాని మీద ఈ సేమ్యా వేసుకున్నాడు. అన్నంలోకి సేమ్యా కలుపుకోవడం నేను అప్పుడే చూడటం. మొదటి ముద్ద తిని పళ్ళెం పట్టుకుని అట్లే నిలబడిపోయాడు. అంత పెద్ద మనిషి భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. నేను గిన్నెలు కడిగే పని ఉన్నట్టు అటు తిరిగాను.

ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు ఆయన కోసం చేసేదాన్ని. ఒకసారి కూరగాయల బుట్టలో చామగడ్డలు చూసి, తెలిసినవాళ్ళు కనిపించినట్టు చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ళ ఊర్లో అదే అన్నం లాంటిదట. ఉడికించి కొబ్బరిపాలు పోసి పెట్టాను. అది తిన్నాక నన్ను అందరి లాగే అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు.

ఒక పొట్లం నాకిచ్చి ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. ఒక శుక్రవారం మోకాళ్ళు పట్టేసి, కూర, చారు, తాలింపు అంటూ మూడు గిన్నెలు పెట్టే ఓపిక లేక ఇంట్లో అదే చేశాను. ఒకే గిన్నె, అరగంట పని. మా అమ్మాయి మారు అడిగింది. మా అత్త మాత్రం వేలితో ఒక పోగు ఎత్తి చూసింది.

"ఏందిది, వానపాము మాదిరి ఉండాది?"

"పెసరబ్యాళ్ళ పిండితో చేసిందే అత్తా. తిను."

"పెసరబ్యాళ్ళను ఇట్ల చేసేకి ఎవురికి చేతులొచ్చినాయో," అని గొణుక్కుంటూనే తినింది. పళ్ళు లేని మనిషికి నమిలే పని లేకుండా గొంతులోకి జారిపోయింది. రెండో రోజు, ఆ జారుడు సేమ్యా మిగిలిందా అని అడిగింది.

నెల గడిచాక ఒక గురువారం ఆయన టిఫినుకు రాలేదు. మధ్యాహ్నం చూస్తే డైనింగ్ హాల్లో ఒక మూల కూర్చుని ఉన్నాడు, ముందు పెట్టిన టీ మీద మీగడ కట్టింది. వాళ్ళమ్మ పోయిందని తోటివాళ్ళు చెప్పారు. మూడు విమానాలు మారి వెళ్ళేసరికి అంతా అయిపోతుందట. అందుకే ఆగిపోయాడు.

నాలుగింటికి మేనేజరును వెంటబెట్టుకుని వంటింటికి వచ్చి పెద్ద డేగిసా చూపించాడు. వాళ్ళ దేశంలో మనిషి పోతే వచ్చినవాళ్ళందరికీ కడుపు నిండా పెట్టాలట. అక్కడ అన్నదమ్ములు పెడుతున్నారు, తానొక్కడే ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక పూట వండి నలుగురికి పెట్టుకోనిస్తారా అని అడిగాడు. మేనేజరు పాపం నొచ్చుకున్నాడు కానీ, బయటివాళ్ళను పిలిచి వడ్డించడానికి గెస్ట్‌హౌస్‌లో ఒప్పుకోరు.

"మా ఇంటికి రా సారూ, ఆదివారం," అన్నాను.

అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను. నెలకు నాకు దొరికేది ఒకే ఒక్క ఆదివారం సెలవు. ఆ రోజు ఏమీ వండకుండా పడుకోవాలని పదిహేను రోజులుగా అనుకుంటున్నాను.

ఇంటికొచ్చి భయపడుతూ అత్తకు చెప్పాను. చావు భోజనం మనింట్లో ఏంది అంటుందనుకున్నాను. ఆమె ఆకువక్క దంచుకుంటున్న చిన్న రోలు పక్కన పెట్టింది.

"చావు జరిగిన ఇంట్ల పొయ్యి ముట్టించకూడదు. చుట్టుపక్కలోళ్ళే గదా వండిపెట్టేది. ఆయప్పకు ఈడ చుట్టుపక్కలోళ్ళు ఎవురుండారు? మనమే గదా. రమ్మను."

ఆదివారం పొద్దున్నే ఆయన పూల పూల గుడ్డ ఒకటి లుంగీ లాగా కట్టుకుని వచ్చాడు. మా అత్త దాన్ని పైనుంచి కిందికి చూసి, మనవాళ్ళ మాదిరే కట్టినాడు అని తృప్తిపడింది. కోడిమాంసం ఆయనే తెచ్చాడు, తన పెట్టెలో మిగిలిన సేమ్యా పొట్లాలన్నీ తెచ్చాడు. అవి చాలవని లెక్క తేలితే బళ్ళారిలో దొరికే బియ్యపు సేమ్యా కొంత కలిపాం. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి మంట వేశాం. అత్త వెల్లుల్లి ఒలిచింది. మా అమ్మాయి ఆయన మాట నాకు, నా మాట ఆయనకు చెబుతూ తిరిగింది. ఆయన గరిటె తిప్పుతూ అమ్మ గురించి చెప్పాడు. చర్చి పనులకు వండేదట. ఇంట్లో పదకొండుమంది. ఆమె అందరికంటే చివర తినేదట, కొన్నిసార్లు గిన్నె అడుగున గీక్కుని తినేదట.

అది వింటూ నేను ఇంకో ఉల్లిపాయ అందుకున్నాను. నా చేతులు పని చేసుకుంటూ పోయాయి.

మధ్యాహ్నానికి మా వీధివాళ్ళు వచ్చారు, ఆయనతో పనిచేసే ఐదుగురు వచ్చారు, మేనేజరు కూడా వచ్చి చాప మీద కూర్చున్నాడు. వాళ్ళమ్మ ఎవరో ఎవరికీ తెలీదు. అయినా మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆయన దగ్గరికొచ్చి, "ఎన్నేండ్లుండె అప్పా మీ అమ్మకు?" అని అడిగి, చెప్పింది అర్థం కాకపోయినా తల ఊపి వెళ్ళి కూర్చున్నారు. కారం లేదని కొందరు ఊరగాయ నంజుకున్నారు. ఆయన ఏమీ అనుకోలేదు.

అందరికీ మారు వడ్డించడానికి నేను గరిటె అందుకుంటే ఆయన తీసేసుకున్నాడు. మా అమ్మాయితో ఏదో అన్నాడు.

"నిన్ను కూర్చోమంటున్నాడమ్మా. మీ అమ్మ పోయిందని నేను చెప్పినా, అప్పుడు వంట ఎవరు చేసినారని అడుగుతాండాడు."

మా అమ్మ పోయి మూడేళ్ళు. పదకొండో రోజు నూటయాభై మందికి అన్నం, పప్పు, వంకాయ, పాయసం. వంటమనిషిని పెట్టుకుందామని ఎవరో అంటే, ఇంట్లో వంటమనిషే ఉండగా ఎందుకని మా అన్నే అన్నాడు. ఆ రోజంతా నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. అమ్మ ఫొటో ముందు అందరూ కూర్చుని ఏడుస్తున్నది వినపడింది, పాయసం అడుగంటుతుందని నేను లేవలేదు.

"నేనే చేసినా అని చెప్పు," అన్నాను.

మా అమ్మాయి చెప్పింది. ఆయన తల ఊపి, నా పళ్ళెంలో అన్నం పెట్టి, దాని మీద సేమ్యా వేసి, ఒక పెద్ద ముక్క వెతికి పెట్టాడు. నేను అత్త పక్కన చాప మీద కూర్చున్నాను. నలుగురిలో కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తే తిని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయి, గుర్తు రాక, తింటూ ఏడ్చేశాను. అత్త చూసి, నీళ్ళ చెంబు నా వైపు జరిపింది.

మరుసటి రోజు నేను లేవలేకపోయాను. జ్వరం లేదు, నొప్పి లేదు. ఒంట్లో పదకొండేళ్ళ పని ఒక్కసారి దిగినట్టయింది. మా అమ్మాయి మేనేజరుకు ఫోను చేసింది. పొద్దంతా నిద్రపోయాను.

మూడు వారాలకు వాళ్ళ పని అయిపోయి ఆయన వెళ్ళిపోయాడు. పోయే ముందు ఇంటికొచ్చి అత్త కాళ్ళు ముట్టుకున్నాడు. ఎవరు నేర్పారో. నేను ధైర్యం చేసి మేనేజరును ఇంకో సెలవు అడిగాను. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు. అలుపు పోయిందని చెప్పను, సోమవారం పొద్దున మళ్ళీ అదే ఐదు కిలోల బుట్ట. కానీ ఆ రెండు ఆదివారాలూ మా అమ్మాయి వండుతుంది. బియ్యపు సేమ్యాతోనే, సాసు కాస్త ఎక్కువే పడుతుంది. నేను వంటింట్లోకి వెళ్ళను. గోడకు ఆనుకుని కూర్చుంటాను.