సాహిరా సర్వర్ గది

బస్రాలో హాజీ దాఖిల్ మందుల గోదాములో ఏసీ ఆగకూడని గదులు రెండే. ఒకటి ఇన్సులిన్ ఉంచే చల్లగది. దాని తాళం స్టోరు చూసే జబ్బార్ దగ్గర ఉంటుంది. రెండోది సర్వర్ గది. అది సాహిరాది. ఆవిడ చేరిన తరువాత పెళ్లయింది, భర్త పోయాడు, సర్వర్లు మారాయి, ఆవిడ మాత్రం అక్కడే ఉంది. ఏ దుకాణానికి ఏ మందు వెళ్లాలో, ఏ పెట్టెకు గడువు తీరుతుందో ఆ యంత్రం చెప్పాల్సిందే. సర్కారు కరెంటు పోయి వీధి జనరేటర్‌కు మారిన ప్రతిసారీ, వంటింట్లో ఉన్నా సరే, ఆవిడ చెయ్యి ఫోను మీదికి పోతుంది.

నిరుడు ఆగస్టు ఎండల్లో అలాంటి మార్పిడిలోనే సర్వర్ కాలిపోయింది. కొత్తది తెచ్చి నిలబెట్టేదాకా గోదాముకు కళ్లు పోయినట్టయింది. ఇన్సులిన్ కోసం వచ్చినవాళ్లను పక్క ఊరు జుబైర్‌లోని దుకాణదారు ఉత్తచేతులతో వెనక్కి పంపాడు.

అప్పటినుంచి హాజీ తమ్ముడి కొడుకు ముహన్నద్‌ది ఒకటే పాట. సాఫ్ట్‌వేర్‌ను క్లౌడ్‌కు మార్చేద్దామని. యంత్రం ఎక్కడో పరాయి దేశంలో ఉంటుంది, దాని మంచిచెడ్డలు వాళ్లే చూసుకుంటారు, మనం ఇంటర్నెట్‌లో వాడుకోవడమే.

"మరి సర్వర్ గది?" అంది సాహిరా.

"సిరంజీల పెట్టెలు పెట్టుకుందాం ఖాలా."

పిన్ని వరస కలిపి ఖాలా అంటాడు గానీ, ఆ గదిలో కూర్చునే మనిషిని ఎక్కడ పెట్టుకోవాలో అతను చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు.

మే నెలాఖరున ఏదో ఒకటి తేల్చడానికి హాజీ సాహిరా, ముహన్నద్, జబ్బార్ ముగ్గురినీ పిలిచాడు. సాహిరా మాట సిద్ధం చేసుకునే వెళ్లింది.

"వచ్చేది పరీక్షల నెల హాజీ. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కుతాయని పొద్దున్నే దేశమంతా నెట్ కట్టేస్తారు. మన వ్యాన్లు లోడయ్యేది ఆ వేళకే. ఎండెక్కితే ఇన్సులిన్ బయటికి తీయలేం. క్లౌడ్ పెట్టుకుంటే ఏం చూసి లోడ్ చేస్తాం?"

జబ్బార్ తొడ చరిచాడు. "వల్లాహి నిజం! ఎవడి పిల్లాడో కాపీ కొడతాడని నా చేతులు కట్టేస్తారా?"

"చేతులతోపాటు నీ నోరు కూడా కడితే పీడా పోయేది," అన్నాడు ముహన్నద్. తరువాత సాహిరా వైపు తిరిగాడు. "నిజం చెప్పు ఖాలా. నీ బెంగ ఇన్సులిన్ గురించా, నీ కుర్చీ గురించా?"

"నువ్వు చెడ్డీలేసుకుని ఈ గోదాములో పరిగెత్తేటప్పుడు కూడా ఇన్సులిన్ లెక్క నాదేరా!"

అడిగినదానికి అది జవాబు కాదని ఆవిడకే తెలుసు.

హాజీ జపమాల తిప్పుతూ కూర్చున్నాడు. మొగ్గు ఆవిడ వైపే కనిపిస్తోంది. జబ్బార్ అప్పుడే ముహన్నద్‌ను చూసి మీసం దువ్వుతున్నాడు.

"సాహిరా, తల్లీ," అన్నాడు హాజీ. "నాకీ యంత్రాల సంగతి తెలీదు. నువ్వెలాగంటే అలాగే. కానీ అబ్బాస్ మీద ఒట్టేసి చెప్పు. ఈ గోదాము నీదే అయితే ఏది పెట్టుకుంటావు?"

దేవుడి మీద ఒట్టేసి బేరాలాడేవాళ్లు బస్రా బజారు నిండా ఉన్నారు. కర్బలా యుద్ధంలో ప్రాణమిచ్చిన అబ్బాస్ మీద మాత్రం ఎవరూ అబద్ధపు ఒట్టు వెయ్యరు. దేవుడైతే క్షమిస్తాడు, ఆయనకు ముక్కుమీద కోపం అంటారు.

"ఒట్టు లేకుండా అడగండి హాజీ."

"ఒట్టుతోనే అడుగుతున్నా."

సాహిరాకు జుబైర్ దుకాణం నుంచి ఉత్తచేతులతో వెళ్లినవాళ్లు గుర్తొచ్చారు.

"అయితే క్లౌడే," అంది. "నెట్ ఎప్పుడు కట్టేస్తారో ముందే చెబుతారు. లోడింగ్ పట్టీలు ముందురోజే అచ్చేసి జబ్బార్ చేతికి ఇవ్వొచ్చు. నా సర్వర్ ఎప్పుడు పోతుందో నాకే తెలీదు. ఈ ఆగస్టు దాటుతుందని ఒట్టెయ్యలేను."

"నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు కదమ్మా," అని గొణిగాడు జబ్బార్.

ముహన్నద్ గెలిచినవాడిలా లేడు. టీ గ్లాసును అటూ ఇటూ జరుపుతూ, "బిల్లుల దగ్గర నీకేమన్నా పని ఉంటుందేమో... చూద్దాం ఖాలా," అన్నాడు. హాజీ మళ్లీ జపమాల అందుకున్నాడు.

"చూడు నాయనా," అని లేచింది సాహిరా.

సర్వర్లో ఉన్నదంతా క్లౌడ్‌కు ఎక్కించే పని కూడా ఆవిడ మీదే పడింది. అది తెలిసిన మనిషి అక్కడ ఇంకొకరు లేరు. తొందరగా ముగిస్తే తన ఉద్యోగం తొందరగా ముగుస్తుంది. సాగదీస్తే ఆగస్టు వచ్చి నెత్తిన కూర్చుంటుంది. కొన్నాళ్లు సాహిరా నెమ్మదిగానే చేసింది. ఎండలు ముదిరేసరికి వేగం పెంచింది.