ఇద్దరు సోమేశ్వరరావులు, ఒక ఉప్పుటేరు

ఆ నియోజకవర్గం పేరు ఇప్పుడు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. పునర్విభజన పుణ్యమా అని దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి బందరులోనూ రెండోది అవనిగడ్డలోనూ కలిపేశారు. బతికున్నన్నాళ్ళూ దానికి దేనికీ లోటు లేదు. మంత్రులయినవాళ్ళున్నారు, కాబోయి ఆగిపోయినవాళ్ళున్నారు, నడిమధ్యన ఒక ఉప్పుటేరు కూడా ఉండేది. లేనిదల్లా ఆ ఏటి మీద వంతెన.

ఆ ఏటి మీద బల్లకట్టు నడిపేవాడు సోములు. పల్లెకారుల కుటుంబం. తండ్రి పడవను ఉప్పెన తీసుకుపోతే, సముద్రానికి దణ్ణం పెట్టి ఏటికి వచ్చేసిన ఇల్లు. రేషను కార్డులో అతని పేరు కె. సోమేశ్వరరావు. ఆ పేరుతో అతన్ని పిలిచినవాడు లేడు.

తొంభై నాలుగులో గెలిచిన ఎమ్మెల్యే పేరూ కె. సోమేశ్వరరావే. ఇంటిపేర్లు వేరు, కులాలు వేరు, పొలాల సంగతి సరేసరి. పొడి అక్షరం మాత్రం కలిసింది. ఆయన గెలిచిన ఏడాదే వచ్చి వంతెనకు శంకుస్థాపన చేశారు. వంతెన వస్తే తన పొట్ట కొట్టినట్టేనని సోములు కొన్నాళ్ళు అన్నం సహించక తిరిగాడు. రాయి చుట్టూ తుమ్మమొక్కలు లేచాక గానీ అతని మనసు కుదుటపడలేదు. అప్పట్నించీ ఎమ్మెల్యేగారి మీద అతనికి మంచి నమ్మకం.

తొంభై తొమ్మిది ఎన్నికల ముందు, చల్లపల్లిలో రైసుమిల్లున్న పున్నారావు కారు దిగి రేవులోకి నడిచివచ్చాడు. ఎదుటి పార్టీకి ఆ చుట్టుపక్కల ఆయనే పెద్దదిక్కు.

"ఏవండీ సోమేశ్వరరావుగారూ!"

ఎమ్మెల్యేగారు వచ్చారేమోనని సోములు వెనక్కి తిరిగి చూశాడు.

"మిమ్మల్నేనండీ. మీరు ఈసారి అసెంబ్లీకి నిలబడాలి."

"నేనాండీ? నాకు రాజకీయం ఏం తెలుసండీ?"

"తెలియకపోవడమే మాకు కావలసింది. మీరు తిరగక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. గెలవడం అసలే వద్దు. ఆ పేరు కాస్త కాగితం మీద ఉంటే చాలు."

"పేరు మా నాన్న పెట్టిందండీ. నేను వాడుకునేది కూడా లేదు, తీసుకోండి" అన్నాడు సోములు.

గుర్తుల దగ్గర అతను పడవ అడిగాడు. గుడివాడలో బట్టల కొట్టున్న ఆసామి ఎవరో ముందే దాన్ని పట్టుకుపోయాడు. సోములికి కుట్టుమిషను వచ్చింది. "గెలిస్తే హైదరాబాదులో జాకెట్లు కుడుదువుగాని" అంది భార్య మహాలక్ష్మి.

పోలింగు రోజున చదువురానివాళ్ళు గుర్తు చూసుకుని, వేయదలచినవాడికే వేసి వచ్చారు. అక్షరాలు వచ్చినవాళ్ళు పేరు చదివి కుట్టుమిషను మీద గుద్దారు. ఎమ్మెల్యేగారు ఓడారు. ఎంత తేడాతో ఓడారో అంతకన్నా ఎక్కువ ఓట్లు సోములికి పడ్డాయి. బందరులో లెక్కింపు చోట అధికారి మైకులో "శ్రీ కె. సోమేశ్వరరావు" అనగానే సోములు చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

ఓడినాయన మనుషులు ఆ బల్లకట్టు ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నారు. చుట్టూ తిరిగి వెళ్ళే బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒట్టు మధ్యాహ్నం దాకా నిలిచింది.

కొత్త ఎమ్మెల్యే, అంటే పున్నారావు మనిషి, వచ్చి పాత రాయి పక్కనే కొత్త రాయి వేశారు. పాతదాని మీద వేరే పేరుంది మరి.

అలా రెండు రాళ్ళతో సోములి కాపురం చల్లగా సాగిపోయేదే. ఒక కార్తీకంలో వాయుగుండం పట్టింది. రోజూ చేపల తట్టతో ఏరు దాటే వెంకాయమ్మ, నొప్పులు పడుతున్న కోడల్ని పట్టుకుని రేవుకు వచ్చింది. సోములు గెడ వేశాడు. నడి ఏట్లో గాలి తిరిగి బల్లకట్టును కిందికి ఈడ్చుకుపోయింది. గెడ నేలకు అందలేదు. అవతలి ఒడ్డు చేరేలోపే చెక్కల మీద కాన్పయింది. బిడ్డ ఏడవలేదు.

"నువ్వేం చేస్తావులేరా సోములూ" అంది వెంకాయమ్మ. తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. ఆ తర్వాత వంతెన మాట ఎవరెత్తినా సోములు అక్కణ్ణుంచి లేచిపోయేవాడు. ఇన్నాళ్ళూ ఆ వంతెన రాకూడదని మొక్కుకున్నది తనేనని అతనికి గుర్తొచ్చేది.

రెండువేల నాలుగు వచ్చింది. ఓడిన సోమేశ్వరరావుగారు సోములి ఇంటికొచ్చి నులకమంచం మీద కూర్చున్నారు.

"ఏం బావా, కులాసానా?" అన్నారు. చుట్టరికం ఎప్పుడు కలిసిందో సోములికి అంతుపట్టలేదు.

"ఏదో మీ దయండీ."

"ఈసారీ నామినేషను వేశావట. వెనక్కి తీసుకో. నీకేం కావాలో అడుగు."

"వంతెనండీ."

ఆయన నవ్వారు. "ఊరికి కాదు బావా, నీకు. వంతెన వస్తే నీ బల్లకట్టు గతేం కాను?"

"నేనూ అదే అడుగుతున్నానండీ" అంది మహాలక్ష్మి లోపల్నించి.

"అది మా ఇంటి గొడవండీ. మీరు మాత్రం ఊరందరి ముందూ చెప్పాలి. రాయి వద్దండీ, రెండున్నాయి. స్తంభాలు కావాలి."

ఆయన రేవులో నిలబడి అందరి ముందూ చెప్పారు. సోములు తప్పుకున్నాడు. ఆయన గెలిచారు. అంతకన్నా ఆశ్చర్యం, ఏడాది తిరిగేసరికి పని మొదలయింది. స్తంభాలు ఒక్కొక్కటే లేస్తుంటే సోములు గెడ ఆపి చూసేవాడు. తన పని పోతోందనే దిగులూ, హాయీ రెండూ కలిసే ఉండేవి. మహాలక్ష్మి వంతెన మొదట్లో టీకొట్టు పెడదామని చోటు కూడా చూసుకుంది.

ఏటికి అడ్డంగా స్తంభాల వరస పూర్తయ్యాక పునర్విభజన ఉత్తర్వులు వచ్చాయి. ఏరే సరిహద్దు. ఇవతలి ఒడ్డు బందరుది, అవతలిది అవనిగడ్డది. గుత్తేదారు మిక్సరు బండెక్కించుకుని వెళ్ళిపోయాడు. సోములు బందరు వెళ్ళి ఎమ్మెల్యేగారిని కలిశాడు.

"చూడు సోములూ" అన్నారాయన. బావ వరస అయిపోయింది. "సగం వంతెన ఇప్పుడు నా పరిధిలో లేదు. నేను కడితే దాని మీద నడిచొచ్చి ఓట్లు అడిగేది ఇంకోడు."

"మనుషులు కూడా నడుస్తారు కదండీ."

"అవతలివాళ్ళు నా ఓటర్లు కారుగా!"

అవతలి నాయకుల్నీ అడిగాడు. వాళ్ళు ఇవతలివాళ్ళ గురించి అదే మాటన్నారు. ఇన్నేళ్ళలో రెండు పక్షాలు ఒక్కమాట మీద నిలబడింది ఆ ఒక్క విషయంలోనే.

రెండువేల తొమ్మిదిలో సోములు ఎవరూ అడక్కుండానే నిలబడ్డాడు. ఎమ్మెల్యేగారికి టికెట్టు దక్కలేదు గనక, ఈసారి ఆ పేరుగలవాడు జాబితాలో మరొకడు లేడు. ప్రచారమంతా బల్లకట్టు మీదే. నడి ఏట్లో ఉపన్యాసం మొదలుపెడితే దిగిపోయే వీలు ఎవరికీ ఉండేది కాదు. లెక్క తేలాక, వెనకటి ఓట్లలో పిసరంత కూడా రాలేదు.

"ఇంతేనా?" అంది మహాలక్ష్మి.

"అప్పుడు పడ్డవి ఆయనవే. ఇవి నావి" అన్నాడు సోములు, అన్నం కలుపుకుంటూ.

మర్నాడు బందరు రేవు నుంచి లావుపాటి మోకు తెచ్చాడు. స్తంభం నుంచి స్తంభానికి బిగించి, బల్లకట్టును దానికి ఇనుప కడియాలతో తగిలించాడు. ఇక గెడ అందకపోయినా భయం లేదు, మోకు పట్టుకుని లాక్కుంటూ పోవడమే. ఆ వానాకాలం ఈదురుగాలి వీస్తున్న రోజున కూడా బల్లకట్టు వరస తప్పలేదు. వెంకాయమ్మ తట్ట దించుకుని తనూ ఓ చెయ్యి వేసి మోకు లాగింది.

కొన్నాళ్ళకు ఒక ఇంజనీరుగారు అవతలి ఒడ్డు నుంచి వచ్చారు. ప్రభుత్వ స్తంభాలకు ప్రైవేటు మోకు కట్టడం నేరమనీ, వెంటనే విప్పాలనీ సోములి చేతికి నోటీసు ఇచ్చారు.

"అలాగేనండీ. ఇప్పుడే విప్పెయ్యమంటారా?" అన్నాడు సోములు.

ఆయన ఏటి వంకా, మబ్బు వంకా, అవతలి ఒడ్డున ఉన్న తన జీపు వంకా చూశారు.

"ముందు నన్ను దాటించవయ్యా" అన్నారు.