మూడో అంతస్తు నీలి గోడ

హవానా పాతబస్తీలో మా ఇంటి ఎదురు మేడ ఒకప్పుడు ఎవరో చక్కెర షావుకారుది. మా కాలానికి అందులో గదికో కుటుంబం. మూడో అంతస్తులో ఎవెలియో, ఒనేలియా ఉండేవారు. పిల్లలు లేరు. ఆమె పెళ్లి గౌన్లు కుట్టేది. అతను ఊరు చూడవచ్చినవాళ్లను గుర్రబ్బండిలో తిప్పేవాడు.

ప్రతి సవారీనీ మా వీధిలోంచే తెచ్చేవాడు. వచ్చినవాళ్లు పెచ్చులూడిన స్తంభాలను, పాలరాతి మెట్లను ఫోటోలు తీసుకుంటుంటే, పైకి చూసి కేకేసేవాడు.

"రాణిగారూ! మీ ప్రజలొచ్చారు. ఓసారి దర్శనమివ్వండి!"

"వట్టి చేతులతో వచ్చారా? కాఫీ పొడి తెమ్మను!" అని ఆమె పైనుంచి అరిచేది. వీధంతా నవ్వేది.

ఆ మేడలో ఉండకూడదని అధికారులు ఎప్పుడో చెప్పారు. ఖాళీ చేస్తే ఊరవతల షెడ్లలో పడేస్తారు. అలా వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. అందుకే దూలాల కింద ఊతకర్రలు పెట్టుకుని ఉండిపోయారు.

ఆ అక్టోబరులో వారమంతా వాన.

"వదినా, నాలుగు రోజులు మా ఇంట్లో పడుకోండి" అన్నాను.

"మీదేదో పెద్ద కోటైనట్టు! నిన్న మీ బాల్కనీ పెచ్చు నా నెత్తిన పడబోయిందే" అంది.

మా ఊళ్లో మేడలు వానలో కూలవు. నీళ్లు తాగిన గోడ ఎండ తగిలాక కూలుతుంది. శుక్రవారం ఎండ కాసింది. జ్వరంతో ఉన్న ఎవెలియోకి దుప్పటి కప్పి, ఒనేలియా బ్రెడ్డు కోసం వరసలో నిలబడటానికి వెళ్లింది. చప్పుడు విని నేను కిటికీ దగ్గరికి పరిగెత్తేసరికి ఎదురుగా దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.

"ఆయన బయటికొచ్చాడా? ఎవరైనా చూశారా?" అని వరసలోంచి పరుగున వచ్చిన ఒనేలియా కనిపించినవాళ్లందరినీ పట్టుకుని అడిగింది. సాయంత్రానికి శవాన్ని తీశారు.

ఒనేలియాను షెడ్డుకు పంపారు. ఆదివారాలు మాత్రం వచ్చి వీధిలో నిలబడేది. వెనక గోడ ఒక్కటే మిగిలింది. దాని మీద, ఆకాశంలో వేలాడుతున్నట్టు, నీలి రంగు వేసిన ఆమె వంటిల్లు. మేకుకు ఎవెలియో చొక్కా.

ఒకరోజు కెమెరా పట్టుకున్న ఓ పరదేశి అమ్మాయి, వచ్చీరాని మా భాషలో, "అమ్మా, కాస్త పక్కకి జరుగుతారా?" అంది.

ఒనేలియా జరిగింది. నాకు ఒళ్లు మండింది.

"అది ఈవిడ వంటిల్లు! మొగుడు అందులోనే పోయాడు, తెలుసా?"

"ఊరుకోవే. దానికేం తెలుసు పాపం" అని ఒనేలియా నన్నాపి, ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఏదీ, ఓసారి చూపించు తల్లీ. నా కళ్లకి అంత పైది ఆనదు."

సంగతి అర్థమైన ఆ అమ్మాయి ఏడుస్తూనే చొక్కాను కెమెరాలో పెద్దది చేసి చూపించింది. ఒనేలియా చాలాసేపు చూసింది.

"మోచేతి దగ్గర చిరుగు. కుట్టిపెట్టవే అని నెల రోజులు అడిగాడు. ఊళ్లోవాళ్ల గౌన్లయ్యాక కుడతాలే అన్నాను."

క్రిస్మస్‌కి ముందే ఆ గోడనూ పడగొట్టారు. తర్వాత ఆమె రాలేదు. నేనే రెండు బస్సులు మారి వెళ్లొస్తుంటాను. దుప్పటి అడ్డం కట్టిన గదిలో కూర్చుని ఉంటుంది. కుట్టు మానేసింది.